డ్రైవ్ కనబడట్లేదు సరే, ఎవరికి కనబడట్లేదు?

ఇంట్లో సర్వర్ నడిపేవాళ్ల నోట ఏదో ఒక రోజు తప్పకుండా వచ్చే మాట: "డ్రైవ్ డిటెక్ట్ అవట్లేదు." ఈ ఒక్క మాట కింద నాలుగైదు వేరువేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. డ్రైవ్‌లో మోటారే తిరగకపోవచ్చు. తిరుగుతున్నా బోర్డుతో దానికి మాట కలవకపోవచ్చు. మాట కలిసినా తన పేరూ సైజూ చెప్పలేక నీళ్లు నమలొచ్చు. అన్నీ చెప్పినా, సర్వర్ సాఫ్ట్‌వేర్ ఆ డ్రైవ్‌ను తెరపై చూపించకపోవచ్చు. మోటారు తిరగని డ్రైవ్‌కు ఫార్మాట్ మందు కాదు, మౌంట్ కాని (సర్వర్‌లో ఫోల్డర్‌గా తెరుచుకోని) డ్రైవ్‌కు కొత్త కేబుల్ మందు కాదు. కాబట్టి మొదట తేల్చాల్సింది అది ఏ మెట్టు దగ్గర ఆగిందన్నది.

అంతకంటే ముందు చేయకూడని పని ఒకటి ఉంది. డ్రైవ్‌లో డేటా ఉంటే, విండోస్ పీసీకి తగిలించి చూసినప్పుడు "ఇనిషియలైజ్ చేయాలా?", "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లు, జెడ్ఎఫ్ఎస్, సాఫ్ట్‌వేర్ రైడ్ (కొన్ని డ్రైవ్‌లను ఒక పూల్‌గా కలిపి వాడే పద్ధతులు) విండోస్‌కు అర్థం కావు కాబట్టే అలా అడుగుతుంది, డ్రైవ్ ఖాళీ అయిందని కాదు. రెండింటికీ క్యాన్సిల్ నొక్కాలి. సర్వర్‌లో కూడా "క్రియేట్ పూల్", "క్రియేట్ రైడ్" లాంటి బటన్ల జోలికి పోవద్దు. డ్రైవ్ చెడిపోయి పోయే డేటా కొంతైతే, దాన్ని బాగు చేయబోయి ఈ బటన్లు నొక్కి పోగొట్టుకునేది ఇంకొంత.

ముందు తిరుగుతోందా?

మూడున్నర అంగుళాల డ్రైవ్‌కు కరెంటు అందితే మోటారు అందుకునే చప్పుడు వినిపిస్తుంది. పది, ఇరవై సెకన్లలో పూర్తి వేగానికి వచ్చి, హెడ్‌లు కదిలే చిన్న టకటక ఒకటి రెండు సార్లు వస్తుంది. వేలు ఆనిస్తే సన్నటి వణుకు తెలుస్తుంది. నాలుగైదు డ్రైవ్‌లున్న కేసులో ఏది తిరుగుతోందో చెవితో పట్టుకోవడం కష్టం. అనుమానమున్న దాన్ని ఒక్కదాన్నే ఉంచి, మిగతావాటి పవర్ కేబుళ్లు తీసి ఆన్ చేయాలి. కేబుళ్లు తీసేదీ పెట్టేదీ సర్వర్ ఆపి, గోడ దగ్గర స్విచ్ కట్టేశాకే. డేటా కేబుల్ మాత్రం ఉంచాలి. బోర్డు పలకరించేదాకా మోటారు తిప్పని డ్రైవ్‌లు కొన్ని ఉన్నాయి. ఉత్త పవర్ కేబుల్‌తో చూసి "చచ్చిపోయింది" అని తీర్పు చెప్పేయకూడదు.

అసలు చడీచప్పుడూ లేకపోతే ఎక్కువమందికి మొదట వచ్చే ఆలోచన డ్రైవ్ పోయిందని. కొత్త పెద్ద డ్రైవ్ విషయంలో ఇది చాలాసార్లు తప్పు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే నిక్షేపంలాంటి డ్రైవ్‌లు ఈ ఒక్క కారణంతో దుకాణాలకు తిరిగి పోతుంటాయి.

సాటా (డ్రైవ్‌ను బోర్డుకు కలిపే మామూలు పద్ధతి) పవర్ కనెక్టర్‌లో 15 పిన్‌లుంటాయి. మొదటి మూడూ ఒకప్పుడు 3.3 వోల్టులవి. మూడున్నర అంగుళాల డ్రైవ్‌లు వాటిని దాదాపుగా వాడుకోలేదు, వాటికి కావలసింది 5, 12 వోల్టులే. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం మూడో పిన్‌కు వేరే పని అప్పగించింది. ఆ పిన్ మీద 3.3 వోల్టులు వస్తే డ్రైవ్ తన పవర్ తానే ఆపేసుకోవాలి. డేటా సెంటర్లో మొరాయించిన డ్రైవ్‌ను దగ్గరికి వెళ్లకుండానే ఆపి మళ్లీ లేపడానికి ఈ ఏర్పాటు. ఇంట్లో వాడే మామూలు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) మాత్రం పాత పద్ధతిలో మూడు పిన్‌లకూ 3.3 వోల్టులు పంపిస్తూనే ఉంటుంది. డ్రైవ్ దాన్ని "ఆగు" అని అర్థం చేసుకుని ఆగిపోతుంది. సర్వర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆగే ఉంటుంది.

వెస్టర్న్ డిజిటల్ ఎలిమెంట్స్, ఈజీస్టోర్, మై బుక్ లాంటి యూఎస్‌బీ డబ్బాలను 8 టీబీ, అంతకు పైన కొని, విప్పి, లోపలి డ్రైవ్‌ను సర్వర్‌లో పెట్టుకునేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. డేటా సెంటర్ల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ డ్రైవ్‌లతోనూ అంతే. గుర్తుపట్టడం తేలిక. యూఎస్‌బీ డబ్బాలో శుభ్రంగా పనిచేసే డ్రైవ్ సర్వర్‌లో పెడితే కనీసం తిరగదు.

మందు మూడు రకాలు. మొదటిది కాప్టన్ టేపు. మొబైల్ రిపేరు షాపుల్లో ఉండే, వేడికి కరగని పసుప్పచ్చ టేపు ఇది. డ్రైవ్ మీద డేటా కనెక్టర్‌కు ఆనుకుని ఉన్న వైపు నుంచి లెక్కపెడితే పవర్ పిన్‌లలో మూడోది కప్పాలి. పిన్‌ల మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లే కాబట్టి ఒక్క మూడోదాన్నే కప్పబోతే చెయ్యి వణికి నాలుగోదీ మూసుకుపోతుంది. నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున ముక్క కత్తిరించి మొదటి మూడూ కలిపి కప్పేయడమే నయం, వాటితో డ్రైవ్‌కు పనిలేదు. మామూలు సెల్లోటేపు వద్దు. వేడికి జిగురు కారి, కనెక్టర్ తీసేటప్పుడు ముడుచుకుపోతుంది. రెండోది, మోలెక్స్ నుంచి సాటాకు మార్చే కేబుల్. మోలెక్స్‌లో 5, 12 వోల్టుల తీగలే ఉంటాయి కాబట్టి సమస్యే రాదు. అయితే ప్లాస్టిక్ మొత్తం పోతపోసినట్టుండే మోల్డెడ్ రకం కొనకండి. లోపల తీగలు దగ్గరకు జరిగి షార్టయి, కాలిపోయిన సందర్భాలున్నాయి. తీగలు విడివిడిగా కనెక్టర్ వెనక నుంచి గుచ్చినట్టు కనబడే క్రింప్ రకం తీసుకోవాలి. మూడోది, సాటా పవర్ కేబుల్‌లో నారింజ రంగు తీగను కత్తిరించడం. పనిచేస్తుంది, కానీ ఎస్‌ఎంపీఎస్ వారంటీ అక్కడితో సరి.

కరెంటు లెక్క

మూడున్నర అంగుళాల డ్రైవ్ మోటారు కదిలేటప్పుడు 12 వోల్టుల లైన్ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే 24 వాట్లు. తిరగడం మొదలయ్యాక అందులో మూడో వంతుకు దిగిపోతుంది. ఆరు డ్రైవ్‌లు ఒకేసారి లేస్తే ఆ కొన్ని సెకన్లు 12 ఆంపియర్లు, 144 వాట్లు కావాలి. ప్రాసెసర్, ఫ్యాన్‌ల వాటా వేరే. ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉన్నా, పాత సరుకైతే 12 వోల్టుల వాటా ఎంతో లేబుల్ మీద చూసుకోవాలి.

అసలు ఇరుకు స్ప్లిటర్ దగ్గర వస్తుంది. సాటా పవర్ కనెక్టర్‌లో ఒక్కో పిన్ మోయగలిగేది 1.5 ఆంపియర్లు. 12 వోల్టులకు మూడు పిన్‌లున్నాయి కాబట్టి మొత్తం 4.5. ఒక సాటా ప్లగ్ నుంచి నాలుగు తీసే స్ప్లిటర్ పెట్టి నాలుగు డ్రైవ్‌లు తగిలిస్తే, లేచేటప్పుడు 8 ఆంపియర్లు ఆ మూడు సన్నటి పిన్‌ల గుండా పోవాలి. వోల్టేజీ కుంగుతుంది, నాలుగింటిలో ఒకటో రెండో లేవవు, లేదా లేచి పడిపోతాయి. మర్నాడు వేరేది పడిపోతుంది. "ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి కనబడట్లేదు" అంటే డ్రైవ్‌లను అనుమానించడం మాని స్ప్లిటర్ పట్టుకుని చూడాలి. ప్లాస్టిక్ రంగు మారినా, కాలిన వాసన వచ్చినా మారు మాట్లాడకుండా అవతల పారేయాలి. ఒక సాటా ప్లగ్ నుంచి రెండు డ్రైవ్‌లు దాటొద్దు. అంతకు మించితే మోలెక్స్ లైన్ నుంచి తీసుకోవాలి, దాని పిన్‌లు చాలా లావు.

మల్టీమీటర్ ఉంటే డ్రైవ్‌లన్నీ తగిలించి ఉండగానే ఒక ఖాళీ మోలెక్స్ దగ్గర కొలవండి. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6, ఎరుపు తీగ మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. డ్రైవ్‌లు లేచే క్షణంలో 11.4 కన్నా కిందికి జారుతుంటే దొంగ దొరికినట్టే.

ఇంకో ప్రమాదం మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లది. డ్రైవ్ వైపు కనెక్టర్ అందరిదీ ఒకటే కానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్‌ల వరుసకు ఏ ప్రమాణమూ లేదు. ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌లో చక్కగా దూరుతుంది, 5 వోల్టులు రావలసిన చోట 12 పంపుతుంది. ఒక్కోసారి ఒకే కంపెనీ రెండు మోడల్స్ మధ్య కూడా తేడా ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లు అలాగే ఉంచేయడం వల్ల డ్రైవ్‌లన్నీ ఒక్క దెబ్బకు పోయిన ఇళ్లున్నాయి. అలా జరిగితే డ్రైవ్ పీసీబీ (దానికి అంటుకుని ఉండే సర్క్యూట్ బోర్డు) మీదున్న టీవీఎస్ డయోడ్‌లు మిగతా సర్క్యూట్‌ను కాపాడబోయి షార్టయిపోతాయి. దాని లక్షణం వింతగా ఉంటుంది. ఆ డ్రైవ్ తగిలిస్తే సర్వర్ మొత్తం ఆన్ కాదు, తీసేస్తే ఆన్ అవుతుంది. ఎస్‌ఎంపీఎస్ షార్ట్ చూసి తనను తాను కాపాడుకుంటోందన్నమాట. ఇలాంటి డ్రైవ్‌లో డేటా చాలాసార్లు భద్రంగానే ఉంటుంది.

తిరుగుతోంది, కానీ పలకదు

ఇప్పుడు చెవి పని అయిపోయింది, కెర్నెల్ లాగ్ (లినక్స్ తనలో జరిగేది రాసుకునే చిట్టా) పని మొదలు. లినక్స్ ఆధారిత సర్వర్ ఏదైనా సరే, డెబియన్ గానీ ఓపెన్ మీడియా వాల్ట్ గానీ ట్రూనాస్ స్కేల్ గానీ, టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) కమాండ్ నడిపి "ఏటీఏ" అన్న పదమున్న లైన్లు వెతకాలి. ఒక్కో సాటా పోర్టుకు ఏటీఏ1, ఏటీఏ2 అని వరుస నంబరుంటుంది. బాగున్న డ్రైవ్ దగ్గర ఇలా కనబడుతుంది: "సాటా లింక్ అప్ 6.0 జీబీపీఎస్, ఎస్‌స్టేటస్ 133." డ్రైవ్ లేని పోర్టు దగ్గర: "సాటా లింక్ డౌన్, ఎస్‌స్టేటస్ 0."

ఆ ఎస్‌స్టేటస్ అంకెను చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. నిజానికి సగం రోగనిర్ధారణ అందులోనే ఉంది. మూడు అంకెల్లో చివరిది చెప్పేది అవతల ఎవరైనా ఉన్నారా అని. 0 అంటే ఎవరూ లేరు. 1 అంటే ఎవరో ఉన్నారు గానీ మాట కలవలేదు. 3 అంటే ఉన్నారు, మాట కూడా కలిసింది. 4 అంటే పోర్టునే మూసేశారు. మధ్య అంకె వేగం: 1 అయితే 1.5, 2 అయితే 3, 3 అయితే 6 గిగాబిట్లు. మొదటిది పవర్ స్థితి, 1 అంటే మేలుకుని ఉంది.

దీన్ని డ్రైవ్ తిరుగుతోందా లేదా అన్నదానితో కలిపి చదవాలి. తిరుగుతోంది, ఎస్‌స్టేటస్ 0 అంటే డేటా కేబుల్ గానీ, పోర్టు గానీ, డ్రైవ్ పీసీబీ గానీ. ఎస్‌స్టేటస్ 1 దగ్గర ఆగిందంటే అటు నుంచి ఇటు వచ్చే జత తీగలు, ఇటు నుంచి అటు పోయే జత తీగలు రెండింటిలో ఒకటి సరిగా లేదు. మొదటి ముద్దాయి కేబుల్. 6 గిగాబిట్ల డ్రైవ్ 113 అని చూపిస్తే, పై వేగాల్లో తప్పులు పడి, లినక్స్ వేగం తగ్గించి నెట్టుకొస్తోందని అర్థం. మళ్లీ కేబులే.

సాటా కేబుల్ మీటరు దాటకూడదు, అరమీటరే మేలు. కేబుల్‌తో వాడే కనెక్టర్లను 50 సార్లు పెట్టి తీయడం వరకే తట్టుకునేలా ప్రమాణం రాశారు. ఏడేళ్లుగా చేతులు మారుతూ వచ్చిన ఎర్ర కేబుల్ ఆ లెక్క ఎప్పుడో దాటేసి ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి పిన్‌ల మీద పొర కూడా తొందరగా పడుతుంది. కనెక్టర్ తీసి రెండు మూడు సార్లు పెట్టి తీస్తే పని చేసిందంటే సంబరపడొద్దు, కేబుల్ మార్చండి.

పరీక్ష ఒక్కసారికి ఒక్క మార్పుతోనే చేయాలి. బాగున్న డ్రైవ్ కేబుల్ తీసి అనుమానపు డ్రైవ్‌కు పెట్టండి. కనబడితే కేబుల్ గానీ పోర్టు గానీ. ఆ తర్వాత అనుమానపు కేబుల్‌ను బాగున్న పోర్టుకు మార్చి ఆ రెంటిలో ఏదో తేల్చుకోవచ్చు. కేబుల్, పోర్టు, పవర్ మూడూ ఒకేసారి మార్చేస్తే డ్రైవ్ కనబడవచ్చు గానీ, ఎందుకు కనబడిందో తెలియదు. పాడైన కేబుల్ డబ్బాలోకి పోయి, ఆరు నెలల తర్వాత మళ్లీ బయటికొస్తుంది.

పోర్టే పనిచేయకపోతే బోర్డు మాన్యువల్ తీయండి. ఎం.2 స్లాట్‌లో (బోర్డు మీదే ఎస్ఎస్‌డీ దూర్చే చోటు) ఎస్ఎస్‌డీ పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోయేలా చాలా బోర్డుల్లో దారులు పంచారు. చాలా బోర్డుల్లో అవి అయిదు, ఆరు నంబర్లవి. కొన్నింటిలో సాటా రకం ఎం.2 పెడితేనే ఆగుతాయి, కొన్నింటిలో ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం పెట్టినా ఆగుతాయి. "కొత్త ఎస్ఎస్‌డీ పెట్టాను, పాత హార్డ్‌డిస్క్ పోయింది" అంటే ఇదే. బయోస్‌లో పోర్టు ఎనేబుల్ అయి ఉందో, మోడ్ ఏహెచ్‌సీఐలో (డ్రైవ్‌లను విడివిడిగా చూపే మామూలు పద్ధతి) ఉందో కూడా చూడాలి. బోర్డు బ్యాటరీ అయిపోయి బయోస్ ఫ్యాక్టరీ స్థితికి వచ్చినప్పుడు రైడ్ మోడ్‌కు మారిపోయి, డ్రైవ్‌లన్నీ ఒకేసారి మాయమవడం కొన్ని బోర్డుల్లో జరుగుతుంది.

హెచ్‌బీఏ కార్డుల వలలు

ఆరు డ్రైవ్‌లు దాటితే చాలామంది సెకండ్ హ్యాండ్ ఎల్ఎస్ఐ హెచ్‌బీఏ కార్డు (బోర్డుకు అదనపు డ్రైవ్ పోర్టులిచ్చేది) కొంటారు, 9211-8ఐ, 9207-8ఐ, 9300-8ఐ లాంటివి. మంచి నిర్ణయమే. కానీ వీటి దగ్గర "కనబడకపోవడానికి" సొంత కారణాలున్నాయి.

అన్నిటికన్నా విసిగించేది బ్రేకవుట్ కేబుల్. 9211, 9207 కార్డుల మీద వెడల్పాటి ఎస్ఎఫ్ఎఫ్-8087 కనెక్టర్, అటు చివర నాలుగు సాటా కనెక్టర్లు. దీనిలో ఫార్వర్డ్, రివర్స్ అని రెండు రకాలున్నాయి. పక్కపక్కన పెట్టినా తేడా కనబడదు. ఫార్వర్డ్‌ది కార్డు నుంచి నాలుగు డ్రైవ్‌లకు. రివర్స్‌ది బోర్డు మీది నాలుగు సాటా పోర్టుల నుంచి ఒక బ్యాక్‌ప్లేన్‌కు (డ్రైవ్‌లు నేరుగా దూరే పలక). లోపల తీగలు తలకిందులుగా ఉంటాయి. కార్డుకు రివర్స్ కేబుల్ పెడితే నాలుగు డ్రైవ్‌లూ హాయిగా తిరుగుతాయి, ఒక్కటీ కనబడదు. నాలుగూ కలిసి కనబడకపోవడమే గుర్తు. నాలుగు డ్రైవ్‌లు ఒకే రోజు చావవు.

రెండోది ఫర్మ్‌వేర్. రైడ్‌గా పనిచేసే ఐఆర్ ఫర్మ్‌వేర్ బదులు, డ్రైవ్‌లను ఉన్నవి ఉన్నట్టు అప్పగించే ఐటీ ఫర్మ్‌వేర్ ఉండాలి. ఐటీ మోడ్‌కు మార్చేటప్పుడు బూట్ రోమ్ (డ్రైవ్‌లను బయోస్‌కు చూపించే భాగం) ఎక్కించకపోతే డ్రైవ్‌లు బయోస్‌లో కనబడవు, లినక్స్ లేచాక కనబడతాయి. అది లోపం కాదు, పైగా బూట్ తొందరగా అవుతుంది. మూడోది వేడి. ఈ కార్డులు సర్వర్ కేసుల్లో హోరున వీచే గాలి కోసం తయారైనవి. ఇంటి టవర్ కేసులో గాలి ఆడకపోతే హీట్‌సింక్ వేలు పెట్టలేనంత కాగి, లోడ్ మీద డ్రైవ్‌లు గుంపుగా రాలిపోతాయి. మే నెలలో రాలిపోయి, రాత్రి చల్లబడ్డాక తిరిగొస్తున్నాయంటే ఒక చిన్న 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ దాని మీదకు తిప్పి చూడండి. ఎస్ఏఎస్1068ఈ చిప్ ఉన్న మరీ పాత కార్డులు వద్దే వద్దు, అవి 2 టీబీ దాటిన డ్రైవ్‌ను పూర్తిగా చూడలేవు.

చవగ్గా దొరికే ఎనిమిది, పది పోర్టుల సాటా కార్డుల్లో చాలావాటికి నిజంగా ఉన్నవి నాలుగైదు పోర్టులే. మిగతావి పోర్ట్ మల్టిప్లయర్ చిప్ పెట్టి చీల్చినవి. ఒక డ్రైవ్ మొరాయిస్తే అదే చీలిక మీదున్న మిగతావీ రీసెట్ అవుతాయి. జెడ్ఎఫ్ఎస్ వాడేవాళ్లకు ఇవి పనికిరావని ఘంటాపథంగా చెప్పొచ్చు.

సెకండ్ హ్యాండ్ ఎస్ఏఎస్ (పెద్ద సర్వర్లలో వాడే వేరే రకం కనెక్షన్) డ్రైవ్‌లు వేరే కథ. అవి మామూలు సాటా పోర్టులో దూరవు. సన్నటి అడాప్టర్ పెట్టి దూర్చినా పలకవు, ఎస్ఏఎస్ కార్డు ఉండాల్సిందే. సాటా డ్రైవ్‌ను ఎస్ఏఎస్ కార్డుకు పెట్టొచ్చు, తిరగేస్తే కుదరదు. పెద్ద స్టోరేజీ యంత్రాల నుంచి వచ్చిన డ్రైవ్‌లలో సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) 512 బైట్లకు బదులు 520 ఉంటుంది. అప్పుడు మోడల్ పేరు చూపిస్తుంది, సైజు మాత్రం సున్నా. ఎస్‌జీ ఫార్మాట్ (sg_format) అనే పనిముట్టుతో 512కు మార్చుకుంటే డ్రైవ్ దారిలో పడుతుంది. పెద్ద డ్రైవ్‌కు గంటల తరబడి పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ మీద పెట్టాలి. ఇందులో డేటా అంతా పోతుందని వేరే చెప్పక్కర్లేదు.

యూఎస్‌బీ మీద నడిచే సర్వర్లు

రాస్ప్‌బెర్రీ పై మీద సర్వర్ నడిపేవాళ్ల దగ్గర నిందితుడు మళ్లీ కరెంటే. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లు. పై 5 తనకు 5 ఆంపియర్ల అడాప్టర్ దొరికితే 1.6 ఇస్తుంది, ఫోన్ ఛార్జర్ పెడితే 0.6 దగ్గర బిగబడుతుంది. రెండున్నర అంగుళాల పోర్టబుల్ డ్రైవ్ లేచేటప్పుడే ఒక ఆంపియర్ అడగొచ్చు. లాగ్‌లో "అండర్ వోల్టేజ్ డిటెక్టెడ్" కనబడితే వేరే పరిశోధన అనవసరం. సొంత అడాప్టర్ ఉన్న డాక్ గానీ, కరెంటు తీసుకునే హబ్ గానీ పెట్టాలి.

కరెంటు సరిపోయినా డ్రైవ్ వచ్చి పోతూ, లాగ్‌లో "యూఏఎస్" (యూఎస్‌బీ డ్రైవ్‌తో వేగంగా మాట్లాడే పద్ధతి) అన్న పదంతో రీసెట్‌లు వరుసగా పడుతుంటే, డబ్బాలోని బ్రిడ్జ్ చిప్‌కు (యూఎస్‌బీని సాటాతో కలిపేది) ఆ పద్ధతి సరిపడట్లేదు. ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ ఇచ్చే రెండు గుర్తింపు సంఖ్యలను కెర్నెల్ బూట్ లైన్‌లోని యూఎస్‌బీ స్టోరేజ్ క్వర్క్స్ సెట్టింగ్‌లో "యు" అక్షరంతో చేరిస్తే పాత పద్ధతికి దిగుతుంది. వేగం కాస్త తగ్గుతుంది, రాలిపోవడం ఆగుతుంది.

డబ్బా విప్పి డ్రైవ్ బయటకు తీసేముందు ఒక హెచ్చరిక. మై బుక్, మై పాస్‌పోర్ట్ మోడల్స్ కొన్నింటిలో, పాస్‌వర్డ్ పెట్టకపోయినా, బ్రిడ్జ్ చిప్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది. డ్రైవ్‌ను నేరుగా సాటాకు తగిలిస్తే పార్టిషన్‌లే లేనట్టు కనబడుతుంది. డేటా పోలేదు, తాళంచెవి ఆ చిన్న బోర్డు దగ్గరుంది. దాన్ని పారేయొద్దు.

పేరు చెప్పలేని డ్రైవ్

లింక్ అప్ అయింది, ఎస్‌స్టేటస్ 133 వచ్చింది, అయినా ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk, కెర్నెల్‌కు కనబడ్డ డ్రైవ్‌లు చూపే కమాండ్) జాబితాలో లేదు. లాగ్‌లో "క్యూసీ టైమౌట్", దాని పక్కన కమాండ్ 0ఎక్స్‌ఈసీ, తర్వాత "ఫెయిల్డ్ టు ఐడెంటిఫై" అని ఉంటుంది. ఈసీ అంటే "నువ్వెవరు?" అని అడిగే కమాండ్. డ్రైవ్ తన మోడల్, సైజు వివరాల్లో కొంత లోపల తిరిగే పళ్లేల మీద తన సొంతానికి ఉంచుకున్న సర్వీస్ ఏరియా నుంచి చదువుకుంటుంది. హెడ్ పాడైనా, ఆ భాగం పాడైనా జవాబు చెప్పలేదు, లేదా సున్నా సైజు చెబుతుంది. 2008 చివర్లో, 2009 మొదట్లో సీగేట్ బర్రకుడా 7200.11 డ్రైవ్‌లు ఎస్‌డీ15 ఫర్మ్‌వేర్ లోపంతో కొన్ని పూర్తిగా మాయమై, కొన్ని సున్నా సైజు చూపించి గగ్గోలు పుట్టించాయి. పళ్లేలు, హెడ్‌లు అన్నీ బాగుండి కూడా డ్రైవ్ పలకకపోవచ్చని అప్పుడే చాలామందికి తెలిసింది.

దీనితోపాటు లయగా టక్, టక్ అని కొట్టుకుంటుంటే కరెంటు తీసేయండి. "ఇంకొక్కసారి చూద్దాం" అని ఆన్ చేసిన ప్రతిసారీ పాడైన హెడ్ పళ్లేన్ని గీకే అవకాశముంది. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా నీటి చెమ్మను లోపలికి తెస్తుంది, దాన్ని మరిచిపోండి. డేటా ముఖ్యమైతే రికవరీ వాళ్ల దగ్గరికి అప్పుడే తీసుకెళ్లాలి. పీసీబీ మాత్రమే పోయిందనుకుని అదే మోడల్ బోర్డు తెచ్చి మార్చినా సాధారణంగా పనిచేయదు. చాలా డ్రైవ్‌ల పీసీబీ మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో ఆ డ్రైవ్‌కే సొంతమైన కొలతలుంటాయి. దాన్ని పాత బోర్డు నుంచి కొత్తదానికి మార్చి టంకం వేయాలి.

కెర్నెల్ చూసింది, మీరు చూడట్లేదు

ఎల్ఎస్‌బీఎల్‌కేలో పేరు, సరైన సైజు వచ్చేస్తే హార్డ్‌వేర్ గొడవ తీరింది. 3 టీబీ డ్రైవ్ 746 జీబీ అని చూపిస్తే మధ్యలో ఏదో 32 బిట్ల లెక్క అడ్డుపడింది. 2.2 టీబీ దగ్గర అంకె నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలైతే మిగిలేది ఆ 746. పాత యూఎస్‌బీ డాక్, పాత డ్రైవర్ దీనికి కారణం.

సైజు సరిగ్గా ఉండి మౌంట్ కాకపోతే ఎఫ్‌స్టాబ్ (fstab, ఏ డ్రైవ్ ఏ ఫోల్డర్‌కు అని రాసుండే ఫైల్) చూడాలి. అందులో ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు రాసుకుంటే, ఒక డ్రైవ్ చేర్చగానే వరుస మారిపోయి ఎవరి ఇంటికో ఎవరో వెళ్తారు. యూయూఐడీ (డ్రైవ్ వరుస మారినా మారని గుర్తింపు) రాయాలి, పక్కన నోఫెయిల్ (nofail) అని చేర్చాలి. అది లేకపోతే ఒక్క డ్రైవ్ రాకపోయినా సర్వర్ 90 సెకన్లు ఎదురు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది. తెర లేని సర్వర్ అయితే నెట్‌వర్క్‌లో కూడా కనబడదు, బోర్డే పోయిందనుకుంటారు.

జెడ్ఎఫ్ఎస్ అయితే జెడ్‌పూల్ ఇంపోర్ట్ (zpool import) అని ఉత్తగా ఇస్తే దొరికిన పూల్‌ల జాబితా, ఏ డ్రైవ్ తగ్గిందో చూపిస్తుంది, ఏమీ మార్చదు. సాఫ్ట్‌వేర్ రైడ్ అయితే ఎండీఏడీఎంలో (mdadm) ఎగ్జామిన్ ఇచ్చి ప్రతి డ్రైవ్ ఈవెంట్ కౌంట్ (రైడ్‌లో మార్పుల వరుస లెక్క) పోల్చాలి. కొద్దిపాటి తేడా ఉంటే అసెంబుల్‌కు ఫోర్స్ జోడించొచ్చు. వేలల్లో తేడా ఉంటే ఆ డ్రైవ్ ఎప్పుడో బయటికి వెళ్లిపోయింది, దాన్ని బలవంతంగా కలపకూడదు.

నడుస్తూ నడుస్తూ మాయమైతే

బూట్‌లో కనబడి, పెద్ద కాపీ మధ్యలో రాలిపోయే డ్రైవ్ దగ్గర స్మార్ట్ (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) వివరాలు తీయాలి. 5, 197, 198 నంబర్లు సెక్టార్ల సంగతి చెబుతాయి. 197 పెరుగుతుంటే డ్రైవ్ నిజంగానే జబ్బు పడింది. 199 పెరిగితే జబ్బు కేబుల్‌ది, దారిలో డేటా చెడిందని లెక్కపెట్టే అంకె అది. సీగేట్ డ్రైవ్‌లలో 1, 7 నంబర్ల దగ్గర కోట్లలో అంకెలు చూసి గుండె బాదుకోవద్దు, అవి లెక్క రాసే పద్ధతే వేరు.

సెక్టార్లు, కేబుల్ రెండూ బాగుండి కూడా డ్రైవ్ రైడ్ నుంచి బయటపడుతుంటే ఓపిక లెక్క చూడాలి. మామూలు డెస్క్‌టాప్ డ్రైవ్ చదవలేని సెక్టార్ దగ్గర ఒకటి రెండు నిమిషాలైనా ప్రయత్నిస్తూ ఉండొచ్చు. లినక్స్ 30 సెకన్లకే విసిగి రీసెట్ చేస్తుంది. స్మార్ట్‌సీటీఎల్‌ (smartctl) కమాండ్‌లో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (చదవలేని చోట ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే గడువు) విలువ 70 అని పెడితే, అంటే 7 సెకన్లు, డ్రైవ్ త్వరగా ఓటమి ఒప్పుకుంటుంది, మిగతా పని రైడ్ చూసుకుంటుంది. చాలా డ్రైవ్‌లు కరెంటు తీస్తే ఈ విలువ మరిచిపోతాయి కాబట్టి ప్రతి బూట్‌లో పెట్టేలా రాసుకోవాలి. అసలు ఒప్పుకోని డ్రైవ్‌లకు లినక్స్ గడువునే 180 సెకన్లకు పెంచాలి. ఇక 2020లో బయటపడ్డ వెస్టర్న్ డిజిటల్ రెడ్ వ్యవహారం గుర్తుండే ఉంటుంది. 2 నుంచి 6 టీబీ ఈఎఫ్ఏఎక్స్ మోడల్స్‌లో ఎస్ఎంఆర్ (రాత వరుసలను కొంచెం ఒకదాని మీదకొకటి ఎక్కించి ఇరికించే) పద్ధతి వాడుతున్న సంగతి ముందు చెప్పలేదు. రైడ్ తిరిగి కట్టేటప్పుడు ఆగకుండా రాయాల్సి వచ్చి, అవి ఊపిరాడక బయటపడేవి. అలాంటి డ్రైవ్‌ను ఎన్ని కేబుళ్లు మార్చినా అదే తంతు.

డ్రైవ్ తిరిగి వచ్చాక 199 దగ్గరున్న అంకె ఒక కాగితం మీద రాసి, డ్రైవ్ సీరియల్ చివరి నాలుగు అక్షరాలతో కలిపి ట్రేకు అంటించండి. ఆ అంకె వెనక్కి తగ్గదు. పూల్ స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూడటం) ఒకసారి పూర్తిగా నడిపి, వారం తర్వాత మళ్లీ చూస్తే అదే అంకె ఉండాలి. ఒక్కటి పెరిగినా సరే, మార్చాల్సింది ఇంకా మారలేదు.